చేపల రేవు లెక్కతో ఒక స్టాక్ యంత్రం: బైట్‌కోడ్ వర్చువల్ మెషీన్‌ను సొంతంగా ఎలా నిర్మించాలి

విశాఖపట్నం చేపల రేవులో ఒక మరబోటు వేట ముగించుకుని వచ్చిన తరువాత సరుకును వేలంలో అమ్మి, వచ్చిన సొమ్ములోంచి డీజిలుకు, ఐసుకు అయిన ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని పంచుకుంటారు. ఈ చిన్న లెక్కను రాయడానికి ఒక భాషను, ఆ భాషను నడపడానికి ఒక యంత్రాన్ని మనమే తయారుచేసుకుందాం. ఈ యంత్రం నిజానికి ఒక ప్రోగ్రామే, అందుకే దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు; అది చదివి నడిపే ఆజ్ఞల బైట్ల వరుసే బైట్‌కోడ్. సి గాని, పైథాన్ గాని, జావా గాని ఏదో ఒక భాషలో లూపులు, అర్రేలు, ఫంక్షన్లు రాయగలిగితే మీకు ఈ పనికి కావలసిన అర్హత ఉన్నట్టే. ఉదాహరణలో వాడే ధరలు, ఖర్చులు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే.

చాలామంది ఈ పనిని, భాషలో రాసినదాన్ని యంత్రపు ఆజ్ఞలుగా మార్చే కంపైలర్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే భాషను రూపొందించడంలో ఉత్సాహం ఎక్కువ. దయచేసి అలా చేయకండి. యంత్రం ముందు, కంపైలర్ తరువాత. ఆ యంత్రానికంటే ముందు ఒక కాగితం మీద పట్టిక ఉండాలి. యంత్రానికి తెలిసిన ప్రతి ఆజ్ఞ స్టాక్ (విలువల దొంతర) మీదినుంచి ఎన్ని విలువలు తీసుకుంటుందో, తిరిగి ఎన్ని పెడుతుందో ఆ పట్టికలో రాసి ఉండాలి. తరువాత వచ్చే కంపైలర్, తనిఖీ, దోషాల వేట అన్నీ ఆ పట్టిక మీదే ఆధారపడతాయి. పట్టిక సరిగా లేనప్పుడు పుట్టే దోషాలు పుట్టినచోట కనబడవు, ఎక్కడో దూరాన బయటపడతాయి.

మొదటి మెట్టు: పట్టిక

స్టాక్ అంటే రేవులో ఒకదానిపై ఒకటి పేర్చిన చేపల ట్రేల వంటిది: కొత్తది పైన పెడతారు, తీసేటప్పుడు పైదాన్నే తీస్తారు. మన యంత్రంలోని ఆజ్ఞలన్నీ తమకు కావలసిన విలువలను ఆ పైభాగం నుంచే తీసుకుని, ఫలితాన్ని అక్కడే పెడతాయి కాబట్టి, ఏ విలువ ఎక్కడుందో ఆజ్ఞలో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. జావా వర్చువల్ మెషీన్, పైథాన్ ప్రామాణిక అమలైన సీపైథాన్, వెబ్ బ్రౌజర్లలో నడిచే వెబ్‌అసెంబ్లీ మూడూ ఈ పద్ధతిలోనివే. లువా అనే భాష మాత్రం 2003లో విడుదలైన 5.0 వెర్షన్‌తో, విలువలను రిజిస్టర్లనే సంఖ్యలున్న గదుల్లో ఉంచే రిజిస్టర్ పద్ధతికి మారింది. రిజిస్టర్ పద్ధతిలో ఆజ్ఞల సంఖ్య తగ్గుతుంది, కాని ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉండాలో నిర్ణయించే భారం కంపైలర్ మీద పడుతుంది. అందువల్ల మొదటిసారి కట్టేవారికి స్టాక్ పద్ధతే తగినదని నా అభిప్రాయం.

ప్రతి ఆజ్ఞకు ఒక బైట్‌లో ఇమిడే సంఖ్య ఇద్దాం. ప్రారంభానికి పది చాలు.

1 – పెట్టు: పక్క బైట్‌లో చెప్పిన స్థిరాంకాన్ని స్టాక్ మీద పెడుతుంది. ఏమీ తీసుకోదు, ఒకటి పెడుతుంది.
2 – కూడు, 3 – తీసివేయి, 4 – గుణించు: రెండు తీసుకుని ఒకటి పెడతాయి.
5 – తెచ్చు: పక్క బైట్‌లో చెప్పిన చలరాశి విలువను స్టాక్ మీదికి తెస్తుంది. ఒకటి పెడుతుంది.
6 – దాచు: పైవిలువను తీసి చలరాశిలో దాస్తుంది. ఒకటి తీసుకుంటుంది.
7 – చూపు: పైవిలువను తీసి తెర మీద చూపుతుంది. ఒకటి తీసుకుంటుంది.
8 – దూకు: పక్కనున్న రెండు బైట్లలోని చిరునామాకు వెళుతుంది. స్టాక్‌ను ముట్టుకోదు.
9 – సున్నైతే దూకు: పైవిలువను తీసి చూసి, అది సున్నా అయితేనే దూకుతుంది. ఒకటి తీసుకుంటుంది.
10 – ఆగు.

సున్నాను ఏ ఆజ్ఞకూ ఇవ్వలేదని గమనించండి. కొత్తగా కేటాయించిన అర్రే సాధారణంగా సున్నాలతో నిండి ఉంటుంది. సున్నాకు ‘ఆగు’ అనే అర్థం ఇస్తే, దారితప్పి ఖాళీ జాగాలోకి వెళ్లిన ప్రోగ్రాం చప్పుడు చేయకుండా ఆగిపోతుంది, మీరేమో అది సవ్యంగానే ముగిసిందనుకుంటారు. సున్నా కనబడగానే ‘తెలియని ఆజ్ఞ’ అని చిరునామాతో సహా కేక వేసేలా యంత్రాన్ని రాయండి.

‘పెట్టు’ పక్కనున్న బైట్ విలువ కాదు, స్థిరాంకాల పట్టికలో ఒక స్థానం మాత్రమే అన్నది రెండో నిర్ణయం. ఒక బైట్‌లో 255 మించిన సంఖ్య పట్టదు, ఐసు ఖర్చు ఒక్కటే వేలల్లో ఉంటుంది. అందుకే విలువలను వేరే పట్టికలో ఉంచి, బైట్‌కోడ్‌లో వాటి స్థానాన్ని మాత్రమే రాస్తాం. జావా కంపైలర్ తయారుచేసే క్లాస్ ఫైళ్లలో కూడా ఇలాంటి పట్టికే ఉంటుంది.

రెండో మెట్టు: నడిపే లూప్

యంత్రానికి కావలసినవి ఇవే: బైట్‌కోడ్ ఉన్న అర్రే, స్థిరాంకాల పట్టిక, చలరాశుల గదులు, స్టాక్, ఇప్పుడు చదవబోయే బైట్ చిరునామాను పట్టుకునే ప్రోగ్రాం కౌంటర్. లూప్ ఒక బైట్ చదువుతుంది, దానికి తగిన పని చేస్తుంది, మళ్లీ చదువుతుంది. అంతకుమించి అందులో రహస్యమేమీ లేదు.

ఇక్కడ ఒక్క క్రమశిక్షణ తప్పనిసరి. బైట్ చదివే పనిని ఒకే ఒక చిన్న ఫంక్షన్‌కు అప్పగించి, చదివిన ప్రతి బైట్‌కూ కౌంటర్‌ను అక్కడికక్కడే ఒక అడుగు ముందుకు జరపండి. ఆజ్ఞ పూర్తయ్యాక లూప్ చివర కౌంటర్‌ను జరిపే పద్ధతిలో, ‘దూకు’ సరైన చిరునామాకు వెళ్లిన తరువాత కూడా లూప్ దాన్ని ఇంకొంచెం ముందుకు నెట్టి, ఆజ్ఞ మధ్యలో దించుతుంది. అక్కడినుంచి యంత్రం స్థిరాంకాల స్థానాలను ఆజ్ఞలనుకుని నడుపుకుంటూ పోతుంది.

ఇప్పుడు కంపైలర్ లేకుండా, చేత్తోనే మొదటి ప్రోగ్రాం రాద్దాం. 120 కిలోల వంజరం కిలో 250 రూపాయల చొప్పున అమ్ముడైంది, ఖర్చు 8000 అయింది. స్థిరాంకాల పట్టికలో సున్నా స్థానంలో 120, ఒకటో స్థానంలో 250, రెండో స్థానంలో 8000 ఉంచితే, బైట్‌కోడ్ మొత్తం పది బైట్లే:

1 0 1 1 4 1 2 3 7 10

దీన్ని నడుపుతూ ప్రతి ఆజ్ఞ తరువాత స్టాక్‌ను అచ్చు వేయించండి. మీకు వరుసగా ఇవి కనబడాలి:

పెట్టు 0 → 120
పెట్టు 1 → 120, 250
గుణించు → 30000
పెట్టు 2 → 30000, 8000
తీసివేయి → 22000
చూపు → ఖాళీ
ఆగు

తీసివేత దగ్గర ఒక్క క్షణం ఆగి చూడండి. స్టాక్ నుంచి మొదట చేతికి వచ్చేది 8000, తరువాత వచ్చేది 30000. మొదట వచ్చినది కుడివైపు విలువ, రెండోది ఎడమవైపు విలువ. వచ్చిన వరుసలోనే తీసివేస్తే జవాబు −22000 అవుతుంది, లాభం మీద తిరిగొచ్చిన బోటు నష్టంలో ఉన్నట్టు కనబడుతుంది. కూడికలోను, గుణకారంలోను ఈ తేడా బయటపడదు కాబట్టి, మీ మొదటి పరీక్షలో తీసివేత తప్పక ఉండాలి.

ఈ అడుగడుగు చూపే సౌకర్యాన్ని పని అయిపోగానే తొలగించకండి, ఒక స్విచ్‌తో వేసుకునేలా ఉంచండి. దానితోపాటే, బైట్లను చదివి వాటి చిరునామాలతో, పేర్లతో తిరిగి రాసిపెట్టే డిస్‌అసెంబ్లర్‌ను ఇప్పుడే రాయండి. అది ఇరవై ముప్పై వరుసలకు మించదు. కంపైలర్ తప్పు చేసిందా, యంత్రం తప్పు చేసిందా అన్న ప్రశ్న మున్ముందు ఎన్నోసార్లు వస్తుంది, దానికి జవాబు చెప్పగలిగేది ఈ పనిముట్టే.

మూడో మెట్టు: దూకుడు ఆజ్ఞలు

నాలుగు పెట్టెలు దిగాయి, పెట్టెకు 30 కిలోలు, మొత్తం ఎన్ని కిలోలో లూప్‌తో లెక్కించాలి. స్థిరాంకాలు వరుసగా 0, 4, 30, 1. సున్నా గదిలో మొత్తం, ఒకటో గదిలో మిగిలిన పెట్టెల సంఖ్య. ఎడమవైపున్నది చిరునామా.

0: పెట్టు 0
2: దాచు 0
4: పెట్టు 1
6: దాచు 1
8: తెచ్చు 1
10: సున్నైతే దూకు 30
13: తెచ్చు 0
15: పెట్టు 2
17: కూడు
18: దాచు 0
20: తెచ్చు 1
22: పెట్టు 3
24: తీసివేయి
25: దాచు 1
27: దూకు 8
30: తెచ్చు 0
32: చూపు
33: ఆగు

పదో చిరునామాలోని ఆజ్ఞ బైట్లుగా 9 0 30, ఇరవై ఏడో చిరునామాలోనిది 8 0 8. రెండు బైట్ల చిరునామాలో పెద్ద బైట్ ముందు రావాలని మనం నిర్ణయించుకున్నాం. రాసేచోట, చదివేచోట అదే వరుస పాటించాలి. జవాబు 120 రావాలి.

ఆ తరువాత పెట్టెల సంఖ్యను 4 నుంచి 0కు మార్చి నడపండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఒక్క పెట్టె కూడా దిగని రోజు ఊహకు అందనిదేమీ కాదు. పరీక్ష లూప్ మొదట్లో ఉంది కాబట్టి మన ప్రోగ్రాం నేరుగా 30కి దూకి సున్నా చూపిస్తుంది. అదే పరీక్షను లూప్ చివర పెట్టి ఉంటే, సున్నా నుంచి ఒకటి తీసి −1 చేసుకుని, సున్నా ఎప్పుడొస్తుందా అని కిందికి కిందికి దిగుతూ ఉండేది.

నాలుగో మెట్టు: కంపైలర్

ఇప్పుడు మన భాషలో ఒక వాక్యం ఇలా ఉంటుందనుకుందాం:

మిగులు = 120 * 250 - 5000 - 3000

దీన్ని ముందుగా ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల నుంచి, కొమ్మలు చీలేచోట గుర్తులు, కొసల్లో సంఖ్యలు, చలరాశులు ఉండే ఒక చెట్టును నిర్మించి, ఆ చెట్టును కింది నుంచి పైకి నడుస్తూ బైట్లు రాయాలి. బైట్లు రాసే భాగం ఆశ్చర్యపరిచేంత చిన్నది: సంఖ్య కనబడితే ‘పెట్టు’, చలరాశి కనబడితే ‘తెచ్చు’, రెండు కొమ్మలున్న గుర్తు కనబడితే ముందు ఎడమ కొమ్మకు, తరువాత కుడి కొమ్మకు కోడ్ రాసి, చివర ఆ గుర్తుకు తగిన ఆజ్ఞ రాయాలి. మీరు పాటించవలసిన నియమం ఒకటే: ఏ లెక్కకు రాసిన కోడ్ అయినా, అది ఎంత పెద్దదైనా, స్టాక్ ఎత్తును సరిగ్గా ఒకటి పెంచాలి, ఏ వాక్యానికి రాసిన కోడ్ అయినా ముగిసేసరికి స్టాక్‌ను తాను మొదలైనప్పటి ఎత్తులోనే వదలాలి.

చెట్టును కట్టేచోట జాగ్రత్త అవసరం. కూడిక తీసివేతలను తమను తామే పిలుచుకునే పునరావృత ఫంక్షన్లతో చదివేటప్పుడు, ‘ఒక పదం, ఆపై మిగిలిన లెక్క’ అన్న క్రమంలో రాయడం సులభంగా తోస్తుంది. కాని అప్పుడు పై వాక్యం 30000 నుంచి 5000, 3000ల భేదాన్ని, అంటే 2000ను, తీసివేసి 28000 ఇస్తుంది. ఆరు వేల రూపాయలు లెక్కలో అదనంగా ఊడిపడతాయి. ఎడమవైపు నుంచి ఒక్కో పదాన్ని చదువుతూ, ఇంతవరకు కట్టిన చెట్టును కొత్త గుర్తుకు ఎడమ కొమ్మగా చేర్చుకుంటూ వెళ్లే లూప్ రాస్తే సరైన 22000 వస్తుంది.

లూపులకు కోడ్ రాసేటప్పుడు, ముగింపు ఎక్కడుందో తెలియకముందే ‘సున్నైతే దూకు’ రాయవలసి వస్తుంది. అప్పుడు చిరునామా స్థానంలో రెండు సున్నాలు రాసి, ఆ స్థానాన్ని గుర్తుంచుకోండి. పై ఉదాహరణలో ఆ స్థానం 11. లూప్ శరీరమంతా రాసి 30కి చేరాక, వెనక్కి వెళ్లి 11, 12 స్థానాల్లో 0, 30 నింపండి. దీన్నే బ్యాక్‌ప్యాచింగ్ అంటారు.

తెలుగు పేర్లను చదవడం

మన చలరాశులకు తెలుగులో పేర్లు పెట్టుకోవాలనుకుంటే, ముక్కలు చేసే భాగంలో ఇంగ్లీషు పేర్లకు రాని చిక్కులు వస్తాయి. ఇది తెలుగువారు తప్ప వేరెవరూ మన కోసం పరీక్షించని విషయం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి లిపిలోని గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 వరకు 128. ‘మొత్తం’ అన్న మాట మనకు రెండక్షరాలుగా కనబడినా, లోపల అది ఆరు గుర్తుల వరుస: మకారం, ఒత్వం, తకారం, పొల్లు, మళ్లీ తకారం, సున్న. ఆ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. వీటిలో మకార తకారాలను మాత్రమే యూనికోడ్ అక్షరాల వర్గంలో ఉంచింది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న వేరే వర్గానివి. అందువల్ల పైథాన్‌లో ‘ఈజ్‌ఆల్ఫా’ పద్ధతితో ఒక్కొక్క గుర్తునూ పరీక్షిస్తూ పేరును చదివితే, ‘మొత్తం’లో మకారం దగ్గరే పేరు ముగిసిపోతుంది, ఒత్వం దగ్గర ‘తెలియని గుర్తు’ అన్న దోషం వస్తుంది. దానికి బదులు, పేరు మొదట్లో అక్షరం ఉండాలి, తరువాత అక్షరం గాని గుణింతపు గుర్తు గాని అంకె గాని ఉండవచ్చు అన్న నియమం పెట్టుకోండి. పూర్తి పేరును ఒకేసారి పరీక్షించడానికి పైథాన్‌లోని ‘ఈజ్‌ఐడెంటిఫయర్’ సరిపోతుంది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ‘పైకం’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద ఐత్వపు కొసా కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, యంత్రానికి అవి రెండు వేరు వేరు చలరాశులు. సోర్స్‌ను చదవగానే, విడి గుర్తులను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో సాధారణీకరిస్తే ఈ రెండూ ఒకటవుతాయి. పొల్లు తరువాత విడదీయడానికి కీబోర్డులు చొప్పించే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు దీనితో పోదు. దాన్ని పేర్లలో అనుమతించాలో వద్దో మీరే నిర్ణయించాలి. నేనైతే అనుమతించను, ఏ వరుసలో ఉందో చెప్పి దోషంగా చూపిస్తాను.

అయిదో మెట్టు: ఫంక్షన్లు, భాగహారం

మిగిలిన సొమ్మును మంది మధ్య పంచడానికి ‘వాటా’ అనే ఫంక్షన్ రాద్దాం. అందుకు మూడు ఆజ్ఞలు కావాలి: 11 భాగించు, 12 పిలువు, 13 తిరిగిరా. ‘పిలువు’ వెంట రెండు బైట్ల చిరునామా, ఒక బైట్‌లో ఇచ్చిన విలువల సంఖ్య ఉంటాయి. పిలిచేవారు మిగులును, మంది సంఖ్యను ముందే స్టాక్ మీద పెట్టి ఉంటారు కనుక వాటిని ఎక్కడికీ కదపనక్కరలేదు. ఆ రెండింటి అడుగుభాగాన్ని కొత్త ఆధారంగా గుర్తుపెట్టుకుని, తిరిగి రావలసిన చిరునామాను, పాత ఆధారాన్ని మరో చిన్న జాబితాలో భద్రపరిస్తే చాలు. ఇంతవరకు వేరే గదుల్లో ఉన్న చలరాశులు ఇక స్టాక్‌లోకే చేరతాయి, ‘తెచ్చు 0’ అంటే ఆధారం నుంచి సున్నా దూరంలో ఉన్న విలువ అని అర్థం మారుతుంది. ప్రధాన ప్రోగ్రాం చలరాశులకు అడుగున ముందే జాగా వదలాలి. ‘వాటా’ శరీరం మొత్తం ఆరు బైట్లు:

5 0 5 1 11 13

‘తిరిగిరా’ పైనున్న ఫలితాన్ని చేతిలోకి తీసుకుని, స్టాక్‌ను ఆధారం వరకు తగ్గించి, ఫలితాన్ని అక్కడ పెట్టి, పాత ఆధారాన్ని పునరుద్ధరిస్తుంది. పిలిచినవారి వైపునుంచి చూస్తే, ‘పిలువు’ ఇచ్చిన విలువలన్నీ తీసుకుని ఒక్కటి పెట్టే ఆజ్ఞ మాత్రమే. పట్టికలో దాన్ని అలాగే రాయండి.

భాగహారానికి అర్థాన్ని మీరు రాతపూర్వకంగా నిర్ణయించాలి. 22000ను ఏడుగురికి పంచితే 3142 చొప్పున వచ్చి 6 మిగులుతుంది, ఇందులో వివాదం లేదు. నష్టం వచ్చి −22000ను పంచవలసి వస్తే, సి భాష భిన్నాన్ని కొట్టివేసి −3142 ఇస్తుంది, పైథాన్‌లోని పూర్ణాంక భాగహారం కిందికి దించి −3143 ఇస్తుంది. మీ యంత్రాన్ని ఏ భాషలో రాశారన్నదాన్ని బట్టి మీ భాషలో రాసిన ప్రోగ్రాంల జవాబు మారకూడదు. సున్నాతో భాగించినప్పుడు మాత్రం యంత్రం కూలిపోకుండా, సోర్స్‌లో ఏ వరుసో చెప్పి ఆగాలి. దానికోసం కంపైలర్ ప్రతి ఆజ్ఞకూ దాని వరుస సంఖ్యను పక్క పట్టికలో రాసి ఉంచాలి.

ఆరో మెట్టు: నడపకముందే తనిఖీ

మొదట్లో రాసుకున్న పట్టిక ఇక్కడ పూర్తిగా అక్కరకు వస్తుంది. బైట్‌కోడ్‌ను నడపకుండా, విలువలను పట్టించుకోకుండా, ప్రతి చిరునామా దగ్గర స్టాక్ ఎత్తు ఎంత ఉంటుందో మాత్రమే లెక్కించండి. ‘పెట్టు’ ఒకటి పెంచుతుంది, ‘కూడు’ ఒకటి తగ్గిస్తుంది, అలా సాగాలి. దూకుడు ఆజ్ఞ దగ్గర రెండు దారులూ అనుసరించాలి. ఒకే చిరునామాకు రెండు దారుల్లో చేరినప్పుడు రెండు ఎత్తులూ సమానంగా లేకపోతే ఆ ప్రోగ్రాంను తిరస్కరించాలి. ఎత్తు సున్నాకంటే తగ్గినా తిరస్కరించాలి. పెట్టెల లూప్‌లో 8వ చిరునామాకు 6 నుంచి వచ్చినా, 27 నుంచి వచ్చినా ఎత్తు సున్నాయే, 30 దగ్గరా సున్నాయే, ఎక్కడా రెండు మించదు కాబట్టి అది నెగ్గుతుంది. జావా వర్చువల్ మెషీన్ కూడా క్లాస్ ఫైల్‌ను నడపకముందు ఇదే సూత్రంతో పరిశీలిస్తుంది.

దీని విలువ ఒక సందర్భంలో స్పష్టంగా తెలుస్తుంది. ఫలితం అక్కరలేని చోట, ఒక ఫంక్షన్‌ను ఒంటరి వాక్యంగా పిలిచారనుకోండి. ఫంక్షన్ వదిలిన విలువను ‘పారేయి’ అనే 14వ ఆజ్ఞతో తీసివేయడం కంపైలర్ మరచిపోతే, లూప్ తిరిగిన ప్రతిసారీ స్టాక్ ఒక్కో విలువ చొప్పున పెరుగుతుంది. స్టాక్‌కు 256 గదులుంటే నాలుగు పెట్టెల పరీక్ష హాయిగా నెగ్గుతుంది, మూడు వందల పెట్టెలు దిగిన రోజున యంత్రం కూలుతుంది. తనిఖీ మాత్రం ఆ లూప్ ఒక్కసారి కూడా తిరగకముందే, లూప్ మొదటికి ఒక దారిలో సున్నా ఎత్తుతో, ఇంకో దారిలో ఒకటి ఎత్తుతో చేరుతున్నామని పట్టేస్తుంది.

అదే కంపైలర్, వేరే యంత్రానికి

మీ యంత్రం నమ్మకంగా నడుస్తున్నప్పుడు, అదే చెట్టు నుంచి వెబ్‌అసెంబ్లీకి కోడ్ రాయించి చూడండి. 2019 డిసెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది, నేటి బ్రౌజర్లన్నింటిలోనూ నడుస్తుంది. లెక్కలకు రాసే భాగంలో పేర్లు తప్ప దాదాపు ఏమీ మారదు: ‘పెట్టు’ స్థానంలో కాన్‌స్ట్, ‘తెచ్చు’ స్థానంలో లోకల్ గెట్, ‘దాచు’ స్థానంలో లోకల్ సెట్ వస్తాయి. సంఖ్యలను మాత్రం స్థిరాంకాల పట్టికలో కాక, లెబ్128 అనే పొడవు మారే పద్ధతిలో ఆజ్ఞ పక్కనే రాయాలి.

దూకుడు దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి వేరు. వెబ్‌అసెంబ్లీలో తోచిన చిరునామాకు దూకే ఆజ్ఞ లేదు. లూప్, బ్లాక్ అనే కట్టడాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, ఎన్ని కట్టడాలు దాటి బయటికి పోవాలో మాత్రమే చెప్పగలం. అందువల్ల బ్యాక్‌ప్యాచింగ్ అక్కడ పనికిరాదు. మీ బైట్‌కోడ్ నుంచి కాక, లూప్ ఇంకా లూప్‌గానే కనబడుతున్న చెట్టు నుంచి నేరుగా కోడ్ రాయండి: బయట ఒక బ్లాక్, దానిలోపల ఒక లూప్ పెట్టి, పెట్టెలు సున్నా అయినప్పుడు బ్లాక్‌కు, శరీరం ముగిసినప్పుడు లూప్‌కు వెళ్లమనండి. బ్లాక్‌కు వెళ్లమంటే దాని చివరికి, లూప్‌కు వెళ్లమంటే దాని మొదటికి వెళుతుంది.